పిల్లల్ని అమ్మమ్మ దగ్గర ఉంచి, ఇద్దరే కేప్ మేకి

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్న ఒక చెల్లెలి ప్రశ్న ఇది. "ఇండియా నుంచి వచ్చి రెండేళ్లు కావస్తోంది. అమ్మానాన్నలు ఆర్నెల్లు ఉందామని వచ్చారు. పిల్లల్ని వాళ్ల దగ్గర ఉంచి మేమిద్దరం ఏదైనా సముద్రం పక్క ఊళ్లో రెండు రోజులు ఉండి రావాలనుంది. అలా వెళ్లొచ్చా అక్కా? వెళ్తే ఎక్కడికి?"

వెళ్లొచ్చమ్మా. వెళ్లాలి కూడా. ఇక్కడ ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, డేకేర్ టైముకి పరిగెత్తి, రాత్రి పిల్లలు పడుకున్నాక ఆఫ్‌షోర్ కాల్స్‌లో కూర్చునే ఇళ్లలో మొగుడూ పెళ్లాల మాటలు "పాలు తెచ్చావా, ఫీజు కట్టావా" దగ్గరే ఆగిపోతాయి. అమ్మానాన్నలు ఉన్నప్పుడే మీకు ఈ వీలు దొరికేది. వాళ్లు తిరిగి విమానం ఎక్కాక ఇంత నమ్మకంగా పిల్లల్ని ఎవరికీ అప్పజెప్పలేరు. పెద్దవాళ్ల మీద భారం వేస్తున్నామేమో అన్న బెరుకు ఉంటే వాళ్లతోనే నేరుగా మాట్లాడండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆ మాటకి విలువివ్వండి.

వెళ్లే ముందు ఇంట్లో కొన్ని ఏర్పాట్లు చేయాలి. 911కి ఫోన్ చేస్తే చెప్పడానికి మీ అడ్రస్, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మీరు లేనప్పుడు పిల్లలకు వైద్యం చేయించడానికి అమ్మమ్మ తాతయ్యలకు అనుమతి ఇస్తున్నట్టు ఒక లెటర్ రాసి సంతకం పెట్టండి. దాన్ని ఇన్సూరెన్స్ కార్డు కాపీతో కలిపి ఒక కవర్లో ఉంచండి. పెద్దవాళ్లు కారు నడపరు కాబట్టి, పిలిస్తే పది నిమిషాల్లో రాగల కుటుంబాన్ని ఒకదాన్ని ముందే అడిగి పెట్టుకోండి. తాలింపు పొగకి స్మోక్ అలారం మోగితే ఏం చేయాలో ఒకసారి మోగించి చూపించండి. ఆ మోతకి కంగారుపడి బయటికి వచ్చేసి, తలుపు లాక్ అయిపోయి చలిలో నిలబడిన పెద్దవాళ్లు నాకు తెలుసు.

ఇక ఊరి సంగతి. మీరున్న చోటు నుంచి నేను చెప్పేది కేప్ మే. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణంగా పోతూనే ఉంటే ఆఖర్న ఎగ్జిట్ 0 వస్తుంది. అదే ఆ ఊరు. ట్రాఫిక్ లేకపోతే రెండు గంటలు, ఇంకొంచెం. జెర్సీ తీరంలో బీచ్‌లు చాలానే ఉన్నాయి. కానీ అట్లాంటిక్ సిటీ అంటే కేసినోలు. వైల్డ్‌వుడ్ అంటే రంగులరాట్నాలు, బోర్డ్‌వాక్ మీద గోల. ఆ గోల పిల్లలకి బాగుంటుంది, వాళ్లతో ఇంకోసారి వెళ్లండి. కేప్ మే పెద్దవాళ్ల ఊరు. 1878లో పెద్ద అగ్నిప్రమాదంలో ఊరి నడిబొడ్డు కాలిపోయింది. తర్వాత అప్పటి విక్టోరియన్ పద్ధతిలో చెక్కతో కట్టుకున్న ఇళ్లే ఇప్పటికీ వీధుల నిండా ఉన్నాయి. 1976లో ఊరిని జాతీయ చారిత్రక ప్రదేశంగా ప్రకటించారు. చాలా ఇళ్లకి ముందు వెడల్పాటి వరండా, అందులో ఊగే కుర్చీలు. మన ఊళ్లలో అరుగుల మీద కూర్చున్నట్టే సాయంత్రం పూట అక్కడ కూర్చుని దారిన పోయేవాళ్లను చూస్తుంటారు. మీరూ కూర్చోండి.

వెళ్లాల్సిన సమయం సెప్టెంబర్. సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు దాటాక జనం పలచబడతారు, గదుల ధరలు దిగుతాయి. సముద్రం మాత్రం వేసవి వేడిని ఇంకా వదలదు. మే నెలాఖరులో ఎండ ఎంత బాగున్నా నీళ్లలో కాలు పెడితే జివ్వుమంటుంది. సెప్టెంబర్‌లో అదే నీళ్లు హాయిగా ఉంటాయి. వేసవి సీజన్‌లో పన్నెండేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ బీచ్ ట్యాగ్, అంటే బీచ్‌కి టికెట్టు లాంటిది, కొనాలి, అది లేకుండా ఇసుకలో కూర్చుంటే వచ్చి అడుగుతారు.

బస మాత్రం ఊరి మధ్యలో, బీచ్‌కీ, దుకాణాల వీధి అయిన వాషింగ్టన్ స్ట్రీట్ మాల్‌కీ నడిచి వెళ్లే దూరంలో తీసుకోండి. హైవే పక్కన నలభై డాలర్లు తగ్గుతుందని తీసుకుంటే ఆ డబ్బు పార్కింగ్ మీటర్లకీ, ఆ తీరిక కారుకీ పోతుంది. ఆ పాత ఇళ్లలో చాలావాటిని బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌లుగా నడుపుతున్నారు. కొన్నిచోట్ల చిన్నపిల్లల్ని అనుమతించరు, మీకు కావాల్సింది అదే. హోటల్‌కి అలవాటుపడ్డ మనకి ఇక్కడ కొన్ని పద్ధతులు కొత్త. వారాంతంలో చాలాచోట్ల ఒక్క రాత్రికి గది ఇవ్వరు, రెండు రాత్రులు తీసుకోవాలి. బుక్ చేసేముందు క్యాన్సిలేషన్ షరతులు చదవండి. పొద్దున టిఫిన్ అందరికీ ఒకే టైముకి పెడతారు, పది గంటలకి లేచి అడిగితే ఉండదు. మీరు శాకాహారులైతే, ముఖ్యంగా గుడ్డు కూడా తినకపోతే, బుకింగ్ రోజే చెప్పండి. ఊరికే వెజిటేరియన్ అంటే ఆమ్లెట్ వేసి పెడతారు. "గుడ్డు వద్దు, మాంసం వద్దు, చేప వద్దు" అని విడివిడిగా రాస్తే వాళ్లు శ్రద్ధగా ఇంకేదో చేస్తారు. లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి, చెక్క గోడల్లోంచి మాట అవతలి గదికి వినిపిస్తుంది. స్పీకర్ పెట్టి ఇండియాకి ఫోన్ చేయడం ఆ రెండు రోజులూ మానేయండి. గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టి అన్నం వండుకోవడం మంచిది కాదు, నూట యాభై ఏళ్ల నాటి చెక్క ఇళ్లు అవి. కారప్పొడి సీసా, పచ్చడి డబ్బా మాత్రం పట్టుకెళ్లండి. చేపలు తినేవాళ్లయితే మీ అదృష్టం. ఆల్చిప్పల జాతికి చెందిన స్కాలప్స్ పట్టే ఓడరేవుల్లో దేశంలోనే పెద్దవాటిలో ఇదొకటి, అప్పుడే పడవ దిగిన సరుకు దొరుకుతుంది. మసాలా లేదనుకోకుండా వెన్నలో వేయించినదాన్ని ఒక్కసారి అలాగే తినండి.

సముద్రం గురించి కొంచెం గట్టిగా చెప్తాను. మనలో చాలామందికి ఈత రాదు, వచ్చినా చెరువు ఈతో, స్విమ్మింగ్ పూల్ ఈతో. కేప్ మేలో ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది. అల సరిగ్గా ఒడ్డు మీదే విరిగి మనిషిని తలకిందులుగా ఇసుకలోకి కొడుతుంది. మెడకీ వెన్నుకీ దెబ్బలు తగిలేది అలాగే. అలకి వీపు పెట్టి నిలబడి ఫొటోలు తీసుకోవద్దు, తల ముందు పెట్టి దూకొద్దు. సెప్టెంబర్ తుపానుల నెల. తుపాను ఎక్కడో వందల మైళ్ల దూరంలో ఉన్నా, ఇక్కడ ఎండ కాస్తున్న రోజునే లోపలికి లాగే ప్రవాహాలు పుడతాయి. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు పోరాడకండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. లేబర్ డే తర్వాత లైఫ్‌గార్డులు అన్ని చోట్లా ఉండరు. వాళ్లు లేని చోట మోకాలి లోతు దాటొద్దు.

మన కోస్తాలో పుట్టినవాళ్లకి సముద్రంలోంచి సూర్యుడు రావడమే తెలుసు, సముద్రంలోకి దిగడం తెలీదు. ఈ ఊళ్లో రెండూ చూడొచ్చు. పొద్దున అట్లాంటిక్ వైపు బీచ్‌లో సూర్యోదయం. సాయంత్రం కొద్ది మైళ్ల దూరంలో డెలావేర్ బే వైపున్న సన్‌సెట్ బీచ్‌లో అస్తమయం. అక్కడ ఇసుక తక్కువ, గులకరాళ్లు ఎక్కువ. వాటిలో కేప్ మే డైమండ్స్ అనే క్వార్ట్జ్ రాళ్లు ఉంటాయి. డెలావేర్ నది ఎగువ నుంచి దొర్లుకుంటూ వచ్చి నునుపెక్కినవి. నీళ్లంచున వంగి వెతకాలి. తడిగా ఉన్నప్పుడు గాజులా వెలుతురు లోపలికి పోతుంది, ఆరిపోతే ఉప్పు పూసినట్టు తెల్లబడతాయి. ఎండకి ఎదురుగా పట్టుకుని చూస్తే మామూలు రాయికీ దానికీ తేడా తెలుస్తుంది. ఎదురుగా నీళ్లలో కనిపించే శిథిలం అట్లాంటస్ అనే కాంక్రీటు ఓడది, 1926లో తుపానుకి కొట్టుకొచ్చి అక్కడే దిగబడింది. వేసవి సాయంత్రాల్లో సూర్యాస్తమయానికి అక్కడ జెండా దించుతారు. చనిపోయిన సైనికుల శవపేటికల మీద కప్పిన జెండాలను వాళ్ల కుటుంబాలే తెచ్చి ఇస్తాయి. ఆ కాసేపు అందరూ లేచి నిలబడతారు. మీరూ నిలబడండి, ఫోన్ జేబులో పెట్టేయండి. గాలి నేల వైపు నుంచి వీస్తే కుట్టే ఈగలు వస్తాయి, పొడుగు ప్యాంటు వేసుకెళ్లండి.

సాయంత్రం ఒక గ్లాసు వైన్ తాగాలనిపిస్తే తాగండి. న్యూజెర్సీలో మద్యం లైసెన్సులు జనాభా లెక్కన ఇస్తారు కాబట్టి చాలా రెస్టారెంట్లకి అది ఉండదు, సీసా మనమే తీసుకెళ్లొచ్చు. తాగాక మాత్రం స్టీరింగ్ పట్టుకోకండి. తాగి నడిపి అరెస్టయితే, కేసు తేలకముందే మీ వీసాని రద్దు చేసే అధికారం స్టేట్ డిపార్ట్‌మెంట్‌కి ఉంది. నడిచి వెళ్లే దూరంలో బస తీసుకోమన్నది ఇందుకు కూడా. రెండో సంగతి, 2022 నుంచి ఈ రాష్ట్రంలో గంజాయి దుకాణాలు చట్టబద్ధంగా నడుస్తున్నాయి. బోర్డు చూసి మనకీ ఫర్వాలేదనుకోకండి. ఫెడరల్ చట్టం ప్రకారం అది ఇంకా నేరమే, మన ఇమిగ్రేషన్ అంతా ఆ చట్టం కిందే నడుస్తుంది. వాడానని ఒప్పుకున్నా గ్రీన్‌కార్డు దగ్గర చిక్కు రావచ్చు. ఇంకోటి, పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ రుజువు వెంట ఉంచుకోవాలని చట్టం. దేశంలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు ఐ-94 ప్రింట్ తీసి పర్సులో పెట్టుకోండి.

రెండో రోజు ఖాళీగా ఉంచండి. మరీ కాలు నిలవకపోతే 1859 నాటి లైట్‌హౌస్ ఎక్కండి, 199 మెట్లు. లేదా కారు ఒడ్డునే వదిలి, డెలావేర్‌లోని లూయిస్‌కి వెళ్లే ఫెర్రీ ఎక్కండి. పదిహేడు మైళ్ల నీళ్లు, ఎనభై అయిదు నిమిషాలు, డెక్ మీద నిలబడితే డాల్ఫిన్లు కనిపించొచ్చు. అవతల సేల్స్ టాక్స్ లేదు కదా అని అవుట్‌లెట్ షాపింగ్ పెట్టుకుంటే ఆ రోజు అక్కడే అయిపోతుంది.

సెప్టెంబర్ కుదరకపోతే అక్టోబర్ కూడా మంచిదే. దక్షిణానికి పోయే పక్షులు, మోనార్క్ సీతాకోకచిలుకలు నేల సన్నబడి ఆగిపోయే ఈ కొస దగ్గర, బే దాటేముందు గుంపులుగా ఆగుతాయి. లైట్‌హౌస్ ఉన్న స్టేట్ పార్క్‌లో డేగల్ని లెక్కపెట్టే అరుగొకటి ఉంది, అక్కడివాళ్లు అడిగితే ఓపిగ్గా చూపిస్తారు. జనవరి, ఫిబ్రవరిల్లో మాత్రం చాలా చోట్ల మూసేస్తారు. అప్పుడు వెళ్లాలనుకుంటే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.