ఎర్రర్ వచ్చిందని చెప్పడానికి సిగ్గెందుకే?

బరంపురం,
ఆదివారం.

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, పిల్ల ఏదో పాము పేరున్న చదువు మొదలుపెట్టిందిరా, రాత్రి రెండింటి దాకా పడుకోవట్లేదు" అంది. పైథాన్ అనే కంప్యూటర్ భాష గురించి అని అర్థం కావడానికి నాకు నిమిషం పట్టింది. అది పాము పేరు కాదక్కా, తయారుచేసిన డచ్చాయన తనకిష్టమైన ఇంగ్లండు టీవీ హాస్య కార్యక్రమం పేరు పెట్టుకున్నాడు, 1991 నుంచీ ఉన్నదే అని చెప్పాను. అక్క నమ్మలేదు.

కోచింగ్ లేకుండా, పాత లాప్‌టాప్‌తో, పర్లాకిమిడిలో కూర్చుని నీ అంతట నువ్వే నేర్చుకుంటావట కదా. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్రపట్టలేదు. గర్వం సగం, గాభరా సగం.

నీకు రాదని కాదు నా గాభరా. నీకు ఏడేళ్ళప్పుడు మహేంద్రతనయ ఏట్లో ఒక చెప్పు పోగొట్టుకుని, ఒంటి చెప్పుతో ఇంటికొచ్చి, కుక్క ఎత్తుకుపోయిందన్నావు. పొద్దుపోయేదాకా ఆ కుక్క కోసం వీధంతా వెతికింది ఎవరనుకున్నావు? నేనే. ఆ బుద్ధి ఇంకా పోలేదేమోనని నా భయం.

ముందు మామూలు సంగతులు. పైథాన్ అధికారిక సైటు నుంచే దింపుకో, 3తో మొదలయ్యే వెర్షనే. వీడియోలో ప్రింట్ (తెర మీద చూపించు అనే ఆజ్ఞ) పక్కన బ్రాకెట్లు లేకుండా రాస్తున్నారంటే అది పాత 2 కాలం నాటిది, దానికి 2020 జనవరి 1తో నీళ్ళొదిలేశారు. రోజూ గంట చెయ్యి, రాత్రి పదకొండుకి మూసెయ్యి. అంతే.

రిటైరయ్యాక నేనూ కాస్త పైథాన్ నేర్చుకున్నాను. దాంతో మా వీధి కుర్రాళ్ళు అడపాదడపా ఫోన్ పట్టుకుని వస్తుంటారు. "అంకుల్, పనిచెయ్యట్లేదు" అంటారు. ఏం పనిచెయ్యట్లేదురా అంటే ఒక ఫోటో చూపిస్తారు. వంకరగా తీసిన స్క్రీను, మధ్యలో ట్యూబ్‌లైటు వెలుగు, అడుగున ఆఖరి లైను కోసేసి ఉంటుంది. నాకు కావలసింది ఆ ఆఖరి లైనే! పైథాన్ ఎర్రర్ ఇచ్చినప్పుడు కింద నుంచి పైకి చదవాలి. అట్టడుగున తప్పు ఏ రకమో ఉంటుంది, దాని పైన ఏ ఫైలు, ఎన్నో లైను అన్నది ఉంటుంది. ఫోటో తియ్యకు. అక్షరాలుగా కాపీ చేసి పంపు, అప్పుడు అవతలివాళ్ళు తమ దగ్గర నడిపి చూడగలరు. వాట్సాప్‌లో జాగ్రత్త, గుణకారానికి పెట్టిన నక్షత్రాల్ని ఒక్కోసారి అది మింగేసి మధ్య అక్షరాల్ని లావు చేస్తుంది. ఫైలుగానే పంపెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

1993లో ఇక్కడ ఒక పట్టుచీరల టోకు దుకాణంలో లెక్కలన్నీ కంప్యూటర్‌కి ఎక్కించే పని నాకు దొరికింది. ఫాక్స్‌ప్రో అని ఖాతాల వివరాలు దాచుకునే ప్రోగ్రాం అప్పట్లో ఉండేది, నల్ల తెర మీద టైపు చెయ్యడమే. మూడొందల పైచిలుకు ఖాతాలు. బాకీ తీరిపోయిన వాళ్ళ నిల్వ సున్నా చెయ్యాలి. దానికి "రీప్లేస్ ఆల్" (అన్నిటినీ మార్చెయ్యి) అని రాసి, చివర "ఫర్" అని ఎవరివి మార్చాలో షరతు పెట్టాలి. ఒక మధ్యాహ్నం ఆకలి మీదున్నాను, షరతు రాయడం మరిచిపోయి ఎంటర్ నొక్కాను. అన్ని ఖాతాలూ సున్నా. ఇచ్ఛాపురం నుంచి రాయగడ దాకా ఎవరూ షావుకారుకి పైసా బాకీ లేరు!

నాకు కాళ్ళు ఆడలేదు. నాకు పని నేర్పిన సీనియర్ విశాఖలో ఉండేవారు. ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి ఫోన్ చేశాను. మీటరు ఎర్ర అంకెలు తిరుగుతున్నాయి. "ఏమైందిరా?" అన్నారు. నోటికి నిజం రాలేదు. "కరెంటు పోయిందండీ, ఫైలు పాడైంది" అన్నాను.

పాపం, ఆయన నమ్మారు. పాడైన ఫైలుని ఎలా బాగుచెయ్యాలో చెబుతుంటే నేను బుద్ధిమంతుడిలా రాసుకున్నాను. బాగుచెయ్యడానికి అందులో పాడైందేముంది? ఫైలు నిక్షేపంగా ఉంది, నేను చెప్పినట్టే అన్నీ సున్నాలు చేసుకుని కూర్చుంది. మర్నాడు పొద్దున్నే ఆయన రైలెక్కి వచ్చారు. చొక్కా చేతులు మడిచి, తెర ముందు కూర్చుని, ఒకసారి కిందికి, ఒకసారి పైకి చూశారు. "కరెంటు పోతే అన్ని ఖాతాలూ ఇంత చక్కగా సున్నా అవుతాయిరా?" అన్నారు. నేను నేల చూపులు చూశాను.

అప్పటికైనా గండం గట్టెక్కేదే, ఫ్లాపీలో కాపీ ఉండేది కనుక. కానీ గుమాస్తా రోజూ సాయంత్రం దుకాణం కట్టేముందు అదే ఫ్లాపీ మీద ఆ రోజు ఫైలు ఎక్కించేవాడు. ముందురోజు సాయంత్రం కూడా ఎక్కించాడు. సున్నాలన్నీ అందులోకీ వెళ్ళిపోయాయి. "ఫోన్లో నిజం చెప్పుంటే, ముందు ఆ ఫ్లాపీ తీసి జేబులో పెట్టుకోమనేవాణ్ణి" అన్నారాయన. అంతే, ఇంకొక్క మాట అనలేదు. తొమ్మిది రాత్రులు ఖాతా పుస్తకాలు ముందేసుకుని మళ్ళీ ఎక్కించాం. మొదటి రెండు రాత్రులు ఆయన కూడా నా పక్కన కూర్చుని అంకెలు చదివారు. తిట్టుంటే బాగుండేది.

అందుకే అడుగుతున్నాను. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు నీ ఊహ చెప్పకు, జరిగింది చెప్పు. ఏం రాశావు, ఏం రావాలనుకున్నావు, ఏం వచ్చింది, చెడిపోకముందు ఆఖరుగా ఏ లైను మార్చావు. ఆ నాలుగోదాన్నే అందరూ దాస్తారు.

ఒక ఉదాహరణ చెబుతాను, నీకూ తప్పక జరుగుతుంది. రెండు అంకెలు అడిగి కూడే ప్రోగ్రాం రాస్తావు. 5, మళ్ళీ 5 ఇస్తావు. 55 అంటుంది! ఎర్రర్ ఏమీ రాదు. "పైథాన్‌కి కూడికలు రావట్లేదు" అని అడిగితే నవ్వుతారు. "5, 5 ఇచ్చాను, 10 రావాలి, 55 వచ్చింది" అని రాస్తే చాలు, చూసినవాడు ఇట్టే చెబుతాడు. మనం టైపు చేసింది అందుకునే ఇన్‌పుట్ అనే ఆజ్ఞ ఏది తెచ్చినా అక్షరాలుగానే తెస్తుంది, ఇంట్ అనే ఇంకో ఆజ్ఞతో అంకె చేసుకోవాలి. ఇంకోటి, పైథాన్‌తో పాటే వచ్చే రాండమ్ అనే ఫైలు ఒకటుంది, నీ ఫైలుకి ఆ పేరు పెట్టకు. లోపల ఇంపోర్ట్ రాండమ్ (రాండమ్‌ని తెచ్చుకో) అని రాస్తే పైథాన్ తన దాన్ని వదిలేసి నీ ఫైలునే తెచ్చుకుంటుంది. మా వీధి కుర్రాడొకడు దీంతో రెండు రోజులు అన్నం మానేశాడు.

రెండొందల లైన్లు ఎవరి మొహాన్నా కొట్టకు. తప్పు ఇంకా వస్తూనే ఉండేలా చూసుకుంటూ, అక్కర్లేనివి తీసేస్తూ పది లైన్లకి తగ్గించు. సగంసార్లు తగ్గిస్తుండగానే తప్పు నీకే దొరుకుతుంది.

ఇంగ్లీషు రాదని అడగడం మానేస్తావేమో. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మీ ఊళ్ళోనే. జనం మాట్లాడే మాటే రాయాలని అంత పోరు పెట్టిన మనిషి తిరిగిన వీధుల్లో ఉండి, భాష బాగోదని నోరు కట్టుకుంటావా? ఎర్రర్ మాత్రం ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు అతికించు, మిగతాది తెలుగులోనో ఒడియాలోనో ముక్కల ఇంగ్లీషులోనో అడుగు. ఈ ఏఐలని కూడా అడుగు, తప్పులేదు. కానీ అది ఇచ్చిన ప్రోగ్రాం అతికించి ఊరుకోకు, నీ చేత్తో కొట్టి, ఏ లైను ఎందుకుందో చెప్పమను. మీ అమ్మ బ్యాంకు వివరాలు, పాస్‌వర్డులు ఎవరికీ, దేనికీ పంపకు.

సాయం చేసినవాళ్ళకి చివర ఏం చేస్తే సరైందో తప్పకుండా చెప్పు. నేను ఆ సీనియర్‌కి లెక్కలన్నీ సరిపోయాయని ఉత్తరం రాయాలనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను. ఇప్పుడు రాయడానికి ఆయన లేరు.

సరేలే. పక్కింటివాళ్ళు బుధవారం పర్లాకిమిడి వస్తున్నారు, వాళ్ళ చేత 2 పెన్‌డ్రైవ్‌లు పంపిస్తున్నాను. నీ ఫైళ్ళు వాటి మీద కాపీ చేసి దాచుకో. ఎర్రది సోమ, బుధ, శుక్ర. నల్లది మంగళ, గురు, శని. ఏదైనా చెడిందనిపిస్తే ఆ రోజు దేని మీదా కాపీ చెయ్యకు, రెండూ బీరువాలో పెట్టి నాకు ఫోన్ చెయ్యి. రాత్రి పదకొండు దాటినా పర్వాలేదు, ఎత్తుతాను.

మీ మావయ్య