ఆ తండ్రి ఎందుకలా అన్నాడు?

ప్ర: ‘సునా నో ఉత్సువా’ (1974) అనే జపాన్ సినిమా చూశాను. కొడుకు ఫొటో చూపిస్తే ముసలి తండ్రి ‘ఇతనెవరో తెలీదు’ అంటాడేంటి? గుర్తుపట్టలేదా?

జ: (సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగండి!) గుర్తుపట్టాడు కాబట్టే అంత ఏడ్చాడండీ. తండ్రికి కుష్ఠు, ఆ రోజుల్లో అక్కడ ఆ రోగమంటే ఇంటిల్లిపాదికీ వెలే, అందుకే కొడుకు పేరు మార్చుకుని పెద్ద సంగీతకారుడయ్యాడు, ఆ గుట్టు తెలిసిన మాజీ పోలీసాయన వచ్చి ఒక్కసారి మీ నాన్నని చూసి రా అని బతిమాలితే ఆయన్నే చంపేశాడు. తండ్రి మాత్రం కొడుకుని బయటపెట్టలేదు.

నాకైతే ఆ హత్య కేసులో ఆధారంగా దొరికిన ‘కామెదా’ అన్న ఒక్క మాటా, దాని యాసా పట్టుకుని డిటెక్టివ్ ముందు జపాన్ ఈశాన్యానికి పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చి, తర్వాత అలాంటి యాసే పడమట ఇజుమో ప్రాంతంలోనూ ఉందని తెలుసుకోవడం భలే నచ్చింది.