మొదటి తుపాకీగా ఎయిర్ రైఫిలే తీసుకో

తమ్ముడూ, గురి నేర్చుకోడానికి పాయింట్ టూ టూ (0.22 అంగుళాల తూటా పేల్చే) రైఫిలా, ఎయిర్ పిస్టలా అని పర్లాకిమిడి నుంచి అడిగావు. నా మాట విని 4.5 మిల్లీమీటర్ల గుండు వేసే ఎయిర్ రైఫిల్, అంటే గాలి ఒత్తిడితో పేలే తుపాకీ తీసుకో. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నదానికి లైసెన్స్ అక్కర్లేదు. టూ టూకి తప్పనిసరి. పిస్టల్‌ది ఒంటిచేతి పని, కొత్తవాళ్లకి మణికట్టు నిలవదు.

గురి చూసే టెలిస్కోప్ ఇప్పుడే వద్దు. స్ప్రింగుతో గాలిని నొక్కే ఎయిర్ రైఫిల్‌ని బిగించి పట్టుకుంటే గుండు ఎటో పోతుంది. ఎడమ అరచేతి మీద వదులుగా ఆనించి, ఊపిరి సగం వదిలి, ట్రిగ్గర్‌ని వేలి కొసతో మెల్లగా నొక్కు. పెల్లెట్ (గుండు) లేకుండా మాత్రం పేల్చకు, లోపల గాలిని నెట్టే పిస్టన్ సీలు దెబ్బతింటుంది. 10 మీటర్ల దూరంలో టార్గెట్ పెట్టి, దాని వెనక మందపాటి మట్టికట్ట ఉండేలా చూసుకో. కళ్లకి రక్షణ అద్దాలు తప్పకుండా పెట్టుకో.