చదువు అప్పు ఓట్ల దాకా ఎలా వచ్చింది?

ప్రశ్న: అమెరికా ఎన్నికల వార్తలు చదివినప్పుడల్లా విద్యార్థుల అప్పులను మాఫీ చేయాలా వద్దా అన్న వాదన కనిపిస్తోంది. సంతకం పెట్టి తీసుకున్న అప్పును తీసుకున్నవారే తీర్చుకోవాలి కదా! కుటుంబాల సొంత వ్యవహారం పార్టీల మధ్య తగవు ఎలా అయింది? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: అప్పు చేసినవారే తీర్చాలన్న మీ మాటతో నాకు పేచీ లేదు. అయితే ఇది వడ్డీ వ్యాపారి దగ్గరో, మామూలు బ్యాంకులోనో తీసుకున్న అప్పు కాదు. ఇందులో అత్యధిక భాగం ఇచ్చింది ఫెడరల్ ప్రభుత్వం, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం. వడ్డీ ఎంత ఉండాలో తేల్చే సూత్రం అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ చేసిన చట్టంలో ఉంది. కట్టలేనివారికి దివాలా దారిని దాదాపుగా మూసివేసింది కూడా ఆ కాంగ్రెసే. సుమారు 4 కోట్ల 30 లక్షల మంది మీద దాదాపు 1.6 ట్రిలియన్ డాలర్ల, అంటే లక్షా 60 వేల కోట్ల డాలర్ల, ఫెడరల్ విద్యా రుణం ఉంది. ఇంతమంది ఓటర్లకు అప్పిచ్చినది ప్రభుత్వమే అయినప్పుడు ఆ బాకీ ఎన్నికల్లో చర్చకు రాకుండా ఎలా ఉంటుంది?

చదువు ఖర్చును ఎవరు భరించాలన్న విషయంలో ఆ దేశం మొదటి నుంచీ ఇలాగే ఆలోచించలేదు. 1944లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన జీఐ బిల్లు, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికుల కాలేజీ ఫీజులను ప్రభుత్వమే చెల్లించేలా చేసింది. అందులో తిరిగి కట్టవలసినది ఏమీ లేదు. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 1976 దాకా అర్హులైన స్థానిక విద్యార్థుల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోలేదు. నగర ఖజానా ఖాళీ అయిన ఆ ఏడాదే అక్కడ ఫీజు మొదలైంది. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్, టెక్సస్‌లో తాను చదువుకున్న కాలేజీకే వెళ్లి ఉన్నత విద్యా చట్టం మీద సంతకం చేశారు. బ్యాంకులు విద్యార్థులకు ఇచ్చే అప్పులకు ప్రభుత్వ పూచీని విస్తృతంగా ఏర్పాటు చేసింది ఆ చట్టమే. ఆయన ఉద్దేశం మంచిదే, పేదింటి పిల్లలకు కాలేజీ తలుపు తెరవాలన్నదే. కానీ ఆ రోజుల్లో అప్పు అన్నది కూరలో ఉప్పు లాంటిది. తరువాతి దశాబ్దాల్లో అదే ప్రధాన ఆహారమైపోయింది.

1972లో మొదలై, తరువాత సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరు పెట్టుకున్న పెల్ గ్రాంటును చూస్తే ఈ మార్పు స్పష్టంగా తెలుస్తుంది. ఇది తక్కువ ఆదాయమున్న ఇళ్ల విద్యార్థులకు ఇచ్చే, తిరిగి కట్టనవసరం లేని సాయం. 1970ల మధ్యలో గరిష్ఠ గ్రాంటు అందుకున్న విద్యార్థికి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఏడాది ఖర్చులో దాదాపు నాలుగింట మూడు వంతులు దానితోనే గడిచేవి. 2024-25లో గరిష్ఠ గ్రాంటు 7,395 డాలర్లు. ఇప్పటి ఖర్చులో అది మూడో వంతుకు కూడా సరిపోదు. ఇంకోవైపు ఆర్థిక మాంద్యం వచ్చిన ప్రతిసారీ, ముఖ్యంగా 2008 తరువాత, రాష్ట్రాలు తమ విశ్వవిద్యాలయాలకు ఇచ్చే నిధుల్లో కోత పెట్టాయి, ఆ లోటును విశ్వవిద్యాలయాలు ఫీజుల్లో కలిపేశాయి. రోడ్లకో జైళ్లకో కోత పెడితే అడిగేవారు ఉంటారు. కాలేజీకి కోత పెడితే భారం ఇంకా ఓటు హక్కు రాని పిల్లల మీద పడుతుంది గనుక అడిగేవారు తక్కువ. నా దృష్టిలో ఈ కథకు కీలకం ఇదే.

దివాలా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వ్యాపారం దెబ్బతిన్నవారికి, జూదంలో పోగొట్టుకున్నవారికి, క్రెడిట్ కార్డు బాకీల్లో మునిగినవారికి అక్కడి దివాలా చట్టం మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఇస్తుంది. చదువు అప్పుకు మాత్రం 1976లో ఆంక్ష పెట్టారు. అప్పు కట్టడం మొదలుపెట్టి ఐదేళ్లు నిండేదాకా, అసాధారణమైన కష్టాన్ని నిరూపిస్తే తప్ప, దివాలాలో ఆ అప్పు రద్దు కాదన్నారు. 1990లో ఆ ఐదేళ్లను ఏడేళ్లు చేశారు. 1998లో ఫెడరల్ రుణాలకు గడువు అన్న మాటనే తీసివేశారు. 2005లో ప్రైవేటు విద్యా రుణాలను కూడా అదే గాటన కట్టారు. డాక్టర్లు, లాయర్లు చదువు పూర్తికాగానే దివాలా తీసి తప్పించుకుంటారన్న భయమే ఇందుకు చెప్పిన కారణం. ఆ భయానికి శిక్ష అనుభవించినవారు ఎక్కువగా డాక్టర్లూ కారు, లాయర్లూ కారు.

ఒక లెక్క వేసి చూడండి. అప్పు 30,000 డాలర్లు, వడ్డీ 6 శాతం అనుకుందాం. వడ్డీ ఏడాదికి 1,800, నెలకు 150 డాలర్లు అవుతుంది. పదేళ్లలో తీరాలంటే నెలకు సుమారు 333 డాలర్లు కట్టాలి. జీతం చాలక, ఆదాయాన్ని బట్టి కట్టే పథకంలో చేరి నెలకు 100 కడుతున్నారనుకోండి. ఆ పథకంలో వడ్డీ రాయితీ లేకపోతే నెలనెలా 50 డాలర్ల వడ్డీ మిగిలిపోతుంది. ఒక్క వాయిదా కూడా తప్పకుండా పదేళ్లలో 12,000 డాలర్లు కట్టిన మనిషికి చివరికి వచ్చే కాగితం మీద బాకీ 36,000 అని ఉంటుంది. ఆ కాగితం పట్టుకున్న మనిషితో ‘సంతకం పెట్టావు, కట్టు’ అనడం తేలికే. కానీ ఆ మనిషి కడుతూనే ఉన్నాడు.

ప్రశ్న: మేము అమెరికాలోనే ఉంటున్నాం. నా భర్త, నేను సెలవులు, సరదాలు మానుకుని మా చదువు అప్పులు పూర్తిగా తీర్చేశాం. ఇప్పుడు ఇతరుల అప్పును మా పన్నులతో మాఫీ చేస్తామంటే మాకు అన్యాయం జరిగినట్టు కాదా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ బాధ నిజమైనది. దానిని అసూయ అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. మీ మాటకు మరింత బలం ఇచ్చే సంగతి కూడా ఒకటి ఉంది. అమెరికాలో పెద్దవాళ్లలో నాలుగేళ్ల డిగ్రీ లేనివారే ఎక్కువ. కాలేజీకే వెళ్లని ఎలక్ట్రీషియన్ కట్టిన పన్నుతో లాయరు అప్పు తీర్చడం ఏమిటని వారు అడిగితే జవాబు చెప్పడం కష్టం.

2022 ఆగస్టులో జో బైడెన్ ప్రకటించిన పథకం ఈ అభ్యంతరాన్ని కొంతవరకు దృష్టిలో పెట్టుకుంది. ఏడాదికి 1,25,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్నవారికి 10,000 డాలర్లు, పెల్ గ్రాంటు అందుకున్నవారికి 20,000 డాలర్ల దాకా మాఫీ అన్నారు. 2023 జూన్ 30న సుప్రీంకోర్టు దానిని 6-3 తీర్పుతో కొట్టివేసింది. సైనిక అత్యవసర పరిస్థితులను దృష్టిలో పెట్టుకుని చేసిన 2003 నాటి చట్టం ఇంత పెద్ద మాఫీకి అధికారం ఇవ్వదని కోర్టు భావించింది. చట్టసభ తేల్చవలసిన విషయాన్ని అధ్యక్షుడి ఉత్తర్వుతో తేల్చబోవడం దారి కాదన్న వాదనలో బలం ఉందని నేనూ ఒప్పుకుంటాను.

అయినా మీరు ఒక విషయం గమనించాలని కోరుతున్నాను. వాయిదాలు కట్టలేక డిఫాల్ట్ అయినవారిలో పెద్ద అప్పులున్న లాయర్ల కంటే, చిన్న అప్పు చేసి డిగ్రీ పూర్తిచేయలేకపోయినవారే ఎక్కువగా కనిపిస్తారు. అప్పు మిగిలింది, దానిని తీర్చగల ఉద్యోగాన్నిచ్చే పట్టా చేతికి రాలేదు. 2015లో మూతపడిన కొరింథియన్ కాలేజీల విద్యార్థుల సంగతి ఇంకా దారుణం. ఉద్యోగాలు వస్తాయని తప్పుడు లెక్కలు చూపించి చేర్చుకున్న సంస్థ అది. ప్రభుత్వం 2022లో 5,60,000 మందికి సంబంధించిన 580 కోట్ల డాలర్ల రుణాన్ని రద్దు చేసింది. వారికి జరిగినది మాఫీ అనడానికి నాకు మనసొప్పదు. మోసపోయినవారికి నష్టం పూడ్చడం అది. మీరు పడిన కష్టం మరొకరు పడకుండా చూడడం మీకు అన్యాయం కాదని కూడా అనుకుంటాను. మీరు కట్టిన సొమ్ములో ఒక్క డాలరు కూడా దానివల్ల పెరగదు, తరగదు.

ప్రశ్న: మాఫీ కుదరకపోతే, ఇంక మరో మార్గం లేదా? – ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఉంది. అసలు మొదట చేయవలసినదే అది. మాఫీ పాత బాకీని తుడుస్తుంది. వచ్చే ఏడాది చేరే విద్యార్థి ఫీజును అది తాకదు. టెనెసీ రాష్ట్రంలో రిపబ్లికన్ గవర్నర్ బిల్ హాస్లమ్ 2014లో తెచ్చిన పథకం, ఇతర సాయాలు పోగా మిగిలిన కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల కోర్సులు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీ) ట్యూషన్ ఫీజును లాటరీ నిధుల నుంచి కడుతోంది. డెమోక్రాట్ల పాలనలోని న్యూమెక్సికో 2022లో ఇంకా ముందుకు వెళ్లి, రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చదివే స్థానికులకు కూడా ట్యూషన్ ఫీజు భారం తీసివేసింది. ఒకే పార్టీ సొత్తు కాని ఆలోచన గనుకనే దీని మీద నాకు ఆశ ఉంది.

2025 జూలైలో ట్రంప్ సంతకం చేసిన చట్టం వేరే దారి పట్టింది. పీజీ విద్యార్థులు మొత్తం ఖర్చు మేరకు ఫెడరల్ అప్పు తీసుకునే గ్రాడ్ ప్లస్ పథకాన్ని 2026 జూలై నుంచి కొత్తవారికి నిలిపివేసి, సాధారణ పీజీ కోర్సులకు మొత్తం 1,00,000, వైద్యం, న్యాయశాస్త్రం వంటి వృత్తి విద్యలకు 2,00,000 డాలర్ల పరిమితి పెట్టింది. అడిగినంత అప్పు పుడుతుంది గనుకనే కొన్ని కోర్సుల ఫీజులు హద్దు లేకుండా పెరిగాయన్న వాదనలో నిజం ఉంది. కానీ పరిమితి అప్పు మీద పెట్టారు, ఫీజు మీద పెట్టలేదు. కాలేజీలు ఫీజు తగ్గించకపోతే ఆ తేడాను తల్లిదండ్రుల పొదుపైనా పూడ్చాలి, ఆదాయాన్ని బట్టి వాయిదా కట్టే వెసులుబాటు ఇవ్వని ప్రైవేటు బ్యాంకైనా పూడ్చాలి. ఈ రెండింటిలో ఏదీ లేని ఇంటి నుంచి వైద్య విద్యకు వెళ్లే అమ్మాయికి ఆ చట్టంలో గ్రాంటు రూపంలో ఒక్క డాలరు కూడా అదనంగా పెట్టలేదు.