చేయి పైకెత్తగానే పట్టు వదిలేస్తోందంటే

మీ మయోఎలక్ట్రిక్ చేయి (కండరాల సిగ్నళ్లతో నడిచే కృత్రిమ చేయి) బల్ల దగ్గర బాగానే పట్టుకుని, పై అరలోని గ్లాసు అందుకోగానే వేళ్లు విప్పేస్తోందన్నారు కదండీ. మోటారును అనుమానించకండి. చేయి ఎత్తితే బరువుకి సాకెట్ (మిగిలిన చేతికి తొడిగే తొడుగు) కాస్త జారుతుంది, కండరం సిగ్నల్‌ను అందుకునే ఎలక్ట్రోడ్ చర్మం మీద పక్కకి జరుగుతుంది. కండరం ఇచ్చే సిగ్నలే మహా అయితే కొన్ని మిల్లీవోల్టులు. అది తప్పుగా అందడానికి ఆ జరుగుడు చాలు.

మీది ప్యాటర్న్ రికగ్నిషన్ రకమైతే (కండరాల సిగ్నళ్ల తీరును నేర్చుకుని కదలికను గుర్తుపట్టేది) చెమట తుడుచుకుని కాలిబ్రేషన్, అంటే చేతికి మీ సిగ్నళ్లు నేర్పడం, మళ్లీ చేయండి. చేయి దించి, ముందుకు చాచి, తలపైకి ఎత్తి, అన్ని భంగిమల్లోనూ. పళ్లు బిగబట్టి చేయకండి (చాలామంది చేసే తప్పే ఇది), మామూలు బలం చాలు. అప్పటికీ తీరకపోతే సాకెట్ వదులైందేమో ప్రోస్థటిస్టుకు (కృత్రిమ అవయవాలు అమర్చే నిపుణులకు) చూపించండి.

మెదడులో చిప్ పెట్టి చేతిని నడిపించడం అంటారా, అదింకా పరిశోధన దశలోనే ఉంది. దానికన్నా డాక్టర్ టాడ్ కుయికెన్ రూపొందించిన టీఎంఆర్ (టార్గెటెడ్ మజిల్ రీఇన్నర్వేషన్) సర్జరీ గురించి కనుక్కోండి: తెగిన నరాలను మిగిలిన కండరాలకు కలుపుతారు.