ఐదు ఫ్రేములు, ఒక హాల్‌టికెట్

ప్రశ్న: పదకొండేళ్లుగా పత్రికకు స్ట్రింగర్‌గా ఫొటోలు తీస్తున్నాను. లాఠీచార్జీలు, గొడవలు, శవాల దగ్గర ఏడుపులు... ఫోన్ మోగితే బండి తీయడమే. బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ డాన్ మెకల్లిన్ యుద్ధాలు మానేసి పొలాలు, శిథిలాలు తీసుకుంటూ ఉండిపోయాడని విన్నాను. నాకూ డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ చేయాలనుంది. వార్తలు వదిలేస్తే పారిపోయినట్టేనా సర్?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: మెకల్లిన్ మానేశాడని మీకు ఎవరు చెప్పారో గానీ, సగమే చెప్పారు. 1982లో బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధానికి ఆయన్ని రానివ్వలేదు. ఆ తర్వాత రెండేళ్లకు తను పనిచేసే సండే టైమ్స్ పత్రికతోనూ తెగిపోయింది. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో ఇంటి చుట్టుపక్కల చలికాలపు పొలాలు తీసుకున్న మాట నిజమే. కానీ 2012లో, 77 ఏళ్ల వయసులో, మళ్లీ సిరియాలోని అలెప్పోకు బయల్దేరాడు! పైగా యుద్ధాలు తీస్తున్న రోజుల్లోనే లండన్ ఈస్టెండ్‌లో ఇల్లూ వాకిలీ లేనివాళ్లను, బ్రాడ్‌ఫర్డ్‌లో పేదల్ని తీశాడు. మీరూ రెండూ పక్కపక్కనే చేయొచ్చు.

1968లో వియత్నాంలోని హుయేలో తుపాకీ పట్టుకుని శూన్యంలోకి చూస్తున్న అమెరికన్ మెరైన్ సైనికుడి ఫొటో, మెకల్లిన్ తీసిందే, మీరు చూసే ఉంటారు. ఐదు ఫ్రేములు కొడితే ఐదూ ఒకేలా వచ్చాయట. ఆ మనిషి రెప్ప కూడా వేయలేదు. పేజీకి కావలసింది ఒక్కటే కదా. మిగతా నాలుగే నన్ను ఎక్కువ వేధిస్తాయి.

నా సంగతి చెబుతాను. కాల్పుల్లో కొడుకు పోయిన ఓ తల్లి ఏడుస్తుంటే తీశాను, మొదటి పేజీలో వేశారు. ఏడాది తర్వాత ప్రింటు పట్టుకుని వాళ్ల ఊరెళ్లాను. చూసి, బోర్లా పెట్టింది. లోపలికెళ్లి టెన్త్ హాల్‌టికెట్ తెచ్చి, "అయ్యా, దీన్ని పెద్దది చేసిస్తవా?" అంది. స్కూలు ముద్ర పిల్లాడి చెంప మీదుగా పడింది. ఆ సిరా తీసెయ్యడానికి రెండు రాత్రులు కూర్చున్నాను. ఫొటో ఇవ్వడానికి వెళ్తే అన్నం పెట్టింది. ఆ తర్వాత ఆ ఊరికి నాలుగేళ్లు తిరిగాను.

ఉద్యోగం మాత్రం మానకండి. నేను తొందరపడి మానేసి ఏడాదిన్నర పెళ్లి ఆల్బమ్‌లు చేశాను, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. మీరు తీసిన గొడవల్లో ఏదో ఒక ఊరు ఎంచుకోండి. ప్రింటు పట్టుకెళ్లండి, మొదటిరోజు కెమెరా బ్యాగులోంచి తీయకండి. పెట్రోలు ఖర్చు మాత్రం మీదే, పత్రిక డెస్కు ఇవ్వదు.