దొంగ వెండి, నీలం చెట్లు

ప్రశ్న: రాయ్ రోజర్స్ పాత కౌబాయ్ సినిమా 'బెల్స్ ఆఫ్ శాన్ ఏంజెలో' చూశాను. మెక్సికో వెండిని దొంగచాటుగా అమెరికాకు ఎందుకు తెస్తారు? వెండి ఎక్కడైనా వెండే కదా! హత్యలు జరుగుతుంటే హీరో పాటలు పాడటమేంటి? చెట్లు నీలంగా ఉన్నాయి. సినిమా గంట కూడా లేదు.

జవాబు: మీ చివరి మాటతో మొదలుపెడతాను. అసలు చిక్కు అక్కడే ఉంది. 1947లో థియేటర్లలో ఈ సినిమా 78 నిమిషాలు నడిచింది. తర్వాత టీవీలో గంట ప్రోగ్రాంలో ఇరికించడానికి ఇలాంటి సినిమాలను 54 నిమిషాలకు కోసేశారు. మీరు చూసింది అదే అయ్యుంటుంది. నేనూ మొదట అలాంటి ముక్కే చూశాను. ఎవరు ఎవరి మనిషో తెలియక రెండుసార్లు వెనక్కి తిప్పుకున్నాను. పూర్తి ప్రింట్ చూశాకే కథ అతుక్కుంది.

ఇక వెండి సంగతి. అమెరికా గనుల్లో కొత్తగా తవ్విన వెండిని ఔన్సుకు 90.5 సెంట్ల చొప్పున ప్రభుత్వ ఖజానా కొనాలని 1946లో చట్టం వచ్చింది. బయటి దేశం వెండికి ఆ హామీ లేదు. సినిమాలో విలన్ గనిలో సరుకు అయిపోయింది. మెక్సికో వెండి తెచ్చి, ఇది మా గనిలో తవ్విందేనని అమ్ముకుంటాడు. ఆ రోజుల్లో ఇది గాల్లోంచి పుట్టిన కథ కాదు. నాకు ఈ సినిమా మీద ఇష్టం ఇక్కడే మొదలైంది. పశువుల దొంగలు, బ్యాంకు దోపిడీలు కాకుండా, లెక్కల పుస్తకంలో దాగే నేరాన్ని ఎంచుకున్నారు. రోజర్స్ కూడా ఇందులో మామూలు కౌబాయ్ కాదు, సరిహద్దు నేరాలు ఆరా తీసే అధికారి.

పాటల గురించి మీతో ఒప్పుకోలేను. 1930ల నుంచీ ఇలాంటి పాడే కౌబాయ్ హీరోలు రేడియోలో, రికార్డుల్లో కూడా గాయకులే. జనం టికెట్ కొన్నదే ఆ గొంతు కోసం. దర్శకుడు విలియం విట్నీ చేసిన మంచి పనేమిటంటే, ఆ పాటల పక్కనే దెబ్బలను నిజమైన దెబ్బల్లా చూపించడం. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరైన్ దళంలో పనిచేసి వచ్చిన మనిషి. విలన్ మనుషులు రోజర్స్‌ను చితకబాదే సీన్ ఒక్కటి చాలు. అంతసేపూ హాయిగా పాడిన మనిషి నేలమీద పడి ఉంటే మనకు గుండె పట్టేస్తుంది. పాటలు లేకపోతే ఆ నొప్పి సగం కూడా తగలదు.

నీలం చెట్లు ప్రింట్ లోపం కాకపోవచ్చు. ఈ సినిమా తీసిన రిపబ్లిక్ స్టూడియో అప్పట్లో వాడిన ట్రూకలర్ అనే కలర్ ఫిల్మ్ పద్ధతిలో ఉన్నవి రెండే రంగులు. ఎర్ర చొక్కా బాగా పలుకుతుంది, ఆకుపచ్చ మాత్రం నీలం వైపు జారిపోతుంది. ఈసారి నిడివి చూసుకుని పూర్తి ప్రింట్ పెట్టుకోండి.

ప్రశ్న: అందులో రచయిత్రిగా నటించినామె ఎవరు?

జవాబు: డేల్ ఎవాన్స్. అదే ఏడాది డిసెంబరు 31న రోజర్స్‌ను పెళ్లి చేసుకున్నారు.